మచ్చలేని రిపోర్టుకు ఎంత విలువ?

అమెరికాలో కుక్కపిల్లను కొనాలనుకునేవారికి ఒక మంచి సదుపాయం ఉంది. అమ్మే మనిషి ఫెడరల్ లైసెన్సు ఉన్న బ్రీడరైతే, అతని కెన్నెల్‌కు ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ ఎప్పుడెప్పుడు వెళ్లాడు, ఏం చూశాడు, ఏం తప్పు పట్టాడు, ఆ రోజు అక్కడ ఎన్ని కుక్కలున్నాయి అన్నవన్నీ ఎవరైనా చదువుకోవచ్చు. అమెరికా వ్యవసాయ శాఖ, అంటే యూఎస్‌డీఏ కింద పనిచేసే ఏఫిస్ అనే సంస్థ ఈ రిపోర్టులను తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. పైసా ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి పిల్లల పోరు పడలేక కుక్కపిల్ల కోసం వెతికే తెలుగు కుటుంబాలకు తెలిసినవాళ్లు మొదట చెప్పే జాగ్రత్త కూడా ఇదే: యూఎస్‌డీఏ రికార్డు చూసుకోండి. అమ్మేవాళ్లు కూడా ఇదే మాటను తమకు అనుకూలంగా వాడుకుంటారు: మాకు యూఎస్‌డీఏ లైసెన్సు ఉంది, మా మీద ఒక్క ఉల్లంఘన కూడా లేదు. కొనేవారిదీ అమ్మేవారిదీ ఒకే ఆధారం అయినప్పుడు ఆ ఆధారం ఎంత బరువు మోయగలదో తేల్చుకోవాలి. నా అభిప్రాయం ఇది. చెడ్డ రికార్డు చాలా గట్టి సాక్ష్యం. మంచి రికార్డు చాలా బలహీనమైన సాక్ష్యం. ఆ రికార్డు చూసి ఒక బ్రీడర్‌ను వద్దనుకోవచ్చు గానీ, దాన్ని మాత్రమే చూసి ఎవరినీ నమ్మకూడదు. ఈ తేడా ఎందుకు వచ్చిందో అర్థం కావాలంటే ఈ తనిఖీల వెనకున్న చట్టం పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి.

1965లో పెన్సిల్వేనియాలో పెప్పర్ అనే డాల్మేషియన్ కుక్క ఇంటి నుంచి మాయమై, చేతులు మారి, చివరకు న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో చనిపోయింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో లైఫ్ పత్రిక కుక్కల వ్యాపారుల దొడ్లలోని పరిస్థితిని ఫోటోలతో అచ్చువేసింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. 1966 ఆగస్టులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో చట్టం వచ్చింది. అప్పటి ఉద్దేశం దొంగిలించిన పెంపుడు జంతువులు ప్రయోగశాలలకు చేరకుండా ఆపడం. 1970 సవరణతో ఆ చట్టానికి జంతు సంక్షేమ చట్టం అన్న పేరొచ్చి, పెంపుడు జంతువులను టోకుగా పెంచి అమ్మేవారు కూడా దాని పరిధిలోకి వచ్చారు. ఇంటికి కుక్కపిల్లను తెచ్చుకునే మనిషి నష్టపోకుండా చూడటం ఈ చట్టం లక్ష్యం ఏనాడూ కాలేదు. జంతువుకు ఇంతకన్నా తక్కువైతే ఒప్పుకోం అని ఒక అడుగు గీత గీయడమే దాని పని.

ఆ గీత ఎంత కింద ఉందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. కుక్క పొడవును ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా అంగుళాల్లో కొలవాలి. దానికి 6 కలిపి, వచ్చిన సంఖ్యను దానితోనే గుణించి, 144తో భాగిస్తే ఆ కుక్కకు ఇవ్వాల్సిన నేల ఎన్ని చదరపు అడుగులో వస్తుంది. బీగిల్ లాంటి కుక్క 24 అంగుళాలుందనుకుందాం. ఆరేకాలు చదరపు అడుగులు వస్తాయి. అంటే రెండున్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. ఎత్తు విషయానికొస్తే, నిలబడినప్పుడు తలపైన ఆరంగుళాలు ఖాళీ ఉంటే సరిపోతుంది. ఒంటరిగా ఉంచిన కుక్కకు ఇంతకు రెట్టింపు నేల ఇస్తే దాన్ని బయటికి వదిలి తిప్పే అవకాశం కల్పించాలన్న నిబంధన కూడా వర్తించదు. ఫారెన్‌హీట్‌లో 85 డిగ్రీలు దాటిన వేడిలో వరసగా నాలుగు గంటలకు మించి ఉంచకూడదు కానీ, నాలుగు గంటల లోపైతే తప్పు కాదు. తగినంత మందమున్న తీగ అల్లికనో, పూత పూసిన తీగనో నేలగా వాడొచ్చు. ఒక ఆడకుక్క ఇలాంటి బోనులో పుట్టి, ఎదకు వచ్చినప్పుడల్లా చూలు మోసి, ఈని, ముసలిదైనా దాని యజమాని రిపోర్టులో ఒక్క తప్పు కూడా పడకపోవచ్చు. అమ్మేవాడు ఉల్లంఘనలు లేవన్నప్పుడు అబద్ధం ఆడకపోవచ్చు. ఆ మాటకు అర్థం తన కెన్నెల్ ఈ గీతకు పైనే ఉందని మాత్రమే.

న్యాయంగా చెప్పాలంటే గీత కొంత పైకి జరిగింది. 2020లో వచ్చిన నియమాల ప్రకారం కుక్కలకు నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ప్రతి కుక్కనూ ఏడాదికోసారి పశువైద్యుడు స్వయంగా తడిమి పరీక్షించాలి. లైసెన్సు గడువు మూడేళ్లు, మళ్లీ తీసుకోవాలంటే నిబంధనలన్నీ పాటిస్తున్నట్టు ముందు తనిఖీలో చూపించుకోవాలి. అంతకు ముందు ఫీజు కడితే లైసెన్సు పునరుద్ధరణ అయిపోయేది. ఇది చిన్న మార్పు కాదు. అయితే కుక్కకు నీళ్లు ఎప్పుడూ అందాలన్న మాట నియమాల్లోకి ఎక్కడానికి అర్ధశతాబ్దం పట్టిందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక రిపోర్టు చదవడం. లైసెన్సు నంబరు అడిగి తీసుకుంటే వెతకడం తేలిక. మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని, తర్వాతి అక్షరం వ్యాపారపు తరహాను చెబుతాయి. 43తో మొదలై ‘ఏ’ (A) అక్షరం ఉంటే మిసోరిలో సొంతంగా పిల్లలు తీయించి అమ్మే బ్రీడర్ అని, ‘బీ’ (B) ఉంటే చేతులు మార్చే బ్రోకర్ అని అర్థం. బ్రోకర్ రిపోర్టు ఎంత శుభ్రంగా ఉన్నా తల్లికుక్క బతుకు గురించి అది చెప్పేది శూన్యం, ఎందుకంటే తల్లి అక్కడ ఉండదు. రిపోర్టులో ప్రతి తప్పూ ఒక నిబంధన సంఖ్యతో మొదలవుతుంది. 2.40 అని కనిపిస్తే పశువైద్యానికి సంబంధించింది. నా లెక్కలో అన్నిటికన్నా ముందు వెతకాల్సిన సంఖ్య అదే. పక్కనే డైరెక్ట్ అని ఉంటే ఆ క్షణాన జంతువు బాధపడుతోందని, క్రిటికల్ అని ఉంటే తీవ్రమైన హాని జరిగిందనో జరిగే ప్రమాదం ఉందనో అర్థం. రిపీట్ అని ఉంటే అదే తప్పు ముందు కూడా పట్టుబడింది. ఆ కింద ఇన్‌స్పెక్టర్ రాసిన వర్ణన ఉంటుంది. చాలామంది ముద్రల వరకు చూసి ఆగిపోతారు, అసలు విషయం ఈ వర్ణనలోనే ఉంటుంది. కంటి నుంచి పుసి కారుతున్న కుక్క గురించి బ్రీడర్‌ను అడిగితే ఏం చెప్పాడు, వైద్యుడికి చూపించాడా లేదా, ఎన్ని రోజులుగా అలా ఉంది అన్నవి అక్కడ దొరుకుతాయి. చివర్న ఆ రోజు లెక్కించిన పెద్ద కుక్కలెన్ని, పిల్లలెన్ని అన్న పట్టిక ఉంటుంది. తమది చిన్న కుటుంబ వ్యాపారమని, కుక్కలన్నీ తమ ఇంట్లోనే పెరుగుతాయని ప్రకటనలో రాసుకున్న మనిషి పట్టికలో 140 పెద్ద కుక్కలు కనిపిస్తే ఇంకేం అడగనక్కర్లేదు. తప్పులు లేని రిపోర్టులో కూడా ఈ పట్టిక ఉంటుంది కాబట్టి శుభ్రమైన రిపోర్టులో నాకు నిజంగా పనికొచ్చే భాగం ఇదే. లోపలికి రానిచ్చేవాళ్లు లేక ఇన్‌స్పెక్టర్ వెనక్కి వెళ్లిపోయిన రోజులు కూడా రికార్డులోకి ఎక్కుతాయి. ఒకసారి అలా జరిగితే పొరపాటు అనుకోవచ్చు. రెండు మూడుసార్లు జరిగితే ఆ తలుపు వెనక ఏముందో అని అనుమానించడమే మంచిది. తాజా రిపోర్టు ఒక్కటే చూసి ఊరుకోకుండా దొరికినన్ని ఏళ్లవీ వరసగా చదవాలి.

శుభ్రమైన రికార్డు బలహీనమైన సాక్ష్యమని ఎందుకంటున్నానో చూడండి. కుక్కల బ్రీడర్లను ఏడాదికి ఇన్నిసార్లు తనిఖీ చేసి తీరాలని ఫెడరల్ చట్టంలో లేదు. ఏడాదికోసారి తప్పనిసరి అన్నది ప్రయోగశాలలకే. మిగతావి ఏఫిస్ అంచనా వేసుకున్న ప్రమాద స్థాయిని బట్టి సాగుతాయి. ఏడాది మొత్తంలో కొన్ని గంటలు చూసి రాసింది మిగతా రోజులకు హామీ కాదు. చూసినవాళ్లు చూసిందంతా రాశారా అన్నది రెండో సందేహం. దీనికి జవాబు వ్యవసాయ శాఖ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయమే ఇచ్చింది. 2010 మే నెలలో వచ్చిన ఆడిట్ రిపోర్టు ప్రకారం, తప్పు చేసి మళ్లీ తనిఖీకి వచ్చిన 4,250 మందిలో 2,416 మంది తిరిగి తప్పు చేశారు. ఆడిటర్లు వెంట వెళ్లి చూసిన 19 మంది ఇన్‌స్పెక్టర్లలో ఆరుగురు డైరెక్ట్, రిపీట్ తప్పులను సరిగా నమోదు చేయలేదు. ఓక్లహోమాలోని ఒక కెన్నెల్‌లో ఐదు కుక్కలు చచ్చిపడి, మిగిలినవి ఆకలికి తోటి కుక్కలనే తింటున్న స్థితి కనిపించినా, బతికున్నవాటిని వెంటనే స్వాధీనం చేసుకోలేదు. లైసెన్సు రద్దయ్యేలోగా మరో 22 చనిపోయాయి. 2021లో అదే కార్యాలయం బ్రీడర్ల మీద మళ్లీ ఆడిట్ చేసినప్పుడు, వచ్చిన ఫిర్యాదుల మీద ఏం చేశారన్నది పద్ధతిగా నమోదు కావడం లేదని, తనిఖీల డేటా నమ్మదగినట్టు లేదని తేల్చింది. ఈ రెండు ఆడిట్ల మధ్య, 2016లో, చిన్న తప్పులు దొరికితే రిపోర్టులో రాయకుండా బోధన పద్ధతిలో విడిగా చెప్పి వదిలేసే ఏర్పాటును కూడా ఏఫిస్ తెచ్చింది. ఆ కాలపు రిపోర్టులో తప్పులేమీ లేవని ఉంటే, ఇన్‌స్పెక్టర్ కంటికి ఏమీ కనబడలేదని మనం అనుకోవడానికి వీల్లేదు.

చెడ్డ రికార్డు సంగతి దీనికి పూర్తిగా భిన్నం. చూసీచూడనట్టు పోయే అలవాటున్న వ్యవస్థ కూడా కలం పట్టి రాసిందంటే, అక్కడ రాయక తప్పనంత జరిగి ఉండాలి. వర్జీనియాలోని కంబర్లాండ్‌లో ప్రయోగశాలల కోసం బీగిళ్లను పెంచిన ఎన్విగో సంస్థ ఉదంతమే చాలు. 2021 జులై తనిఖీలో, ఆ ఏడాది జనవరి నుంచి మూడు వందలకు పైగా పిల్లలు కారణం తెలియకుండా చనిపోయినట్టు నమోదైంది. మరో తనిఖీలో, పాలిస్తున్న 13 తల్లికుక్కలకు దాదాపు 42 గంటలు తిండి పెట్టలేదని, వాటి కింద 78 పిల్లలున్నాయని రాశారు. కొద్ది నెలల్లో తప్పులు అరవై దాటాయి, అందులో సగానికి పైగా తీవ్రమైన రకం. అవి ఎవరైనా చదవగలిగేలా ఉన్నాయి. అయినా లైసెన్సు పోలేదు. చివరకు 2022 మే నెలలో న్యాయ శాఖ కోర్టుకెక్కి, సోదా వారంటుతో వెళ్లి, ప్రాణం మీదికొచ్చిన 446 కుక్కలను బయటికి తెచ్చింది. ఆ వేసవిలో సుమారు 4,000 బీగిళ్లు దేశమంతటా కొత్త ఇళ్లకు వెళ్లాయి. 2024 జూన్‌లో సంస్థ నేరం ఒప్పుకుని మూడున్నర కోట్ల డాలర్లకు పైగా చెల్లించేందుకు అంగీకరించింది. అయోవాలో ఒక బ్రీడర్ విషయంలోనూ ఇదే జరిగింది. 2021లో కొన్ని నెలల వ్యవధిలోనే వందకు మించి ఉల్లంఘనలు రికార్డయ్యాయి, ఆ తర్వాతే న్యాయ శాఖ రంగంలోకి దిగింది, అతను 500కు పైగా కుక్కలను వదులుకోవాల్సి వచ్చింది. శిక్ష వచ్చేదాకా ఆగి చూసిన కొనుగోలుదారుకు ఈ రెండు చోట్లా లైసెన్సు నెలల తరబడి చెల్లుబాటులోనే కనిపించేది. రిపోర్టు చదివినవారికి మాత్రం ముందే విషయం తెలిసిపోయేది.

రికార్డు చూపు సోకని చోట్లు కూడా కొన్ని ఉన్నాయి, అవి చిన్నవేం కావు. పిల్లలు తీయించే ఆడ జంతువులు నాలుగు, అంతకన్నా తక్కువ ఉన్న వ్యక్తికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మేవాడు, కొనేవాడు, కుక్కపిల్ల ముగ్గురూ ఒకే చోట ఎదురెదురుగా ఉండి బేరం కుదుర్చుకుంటే, ఎన్ని కుక్కలున్నా అది చిల్లర దుకాణం లెక్కలోకి వెళ్లి మినహాయింపు పొందుతుంది. 2013 నుంచి, చూడకుండానే ఇంటర్నెట్‌లో అమ్మేవారిని మాత్రం పరిధిలోకి తెచ్చారు. కాబట్టి పేరు కొట్టినా వెబ్‌సైట్‌లో ఏమీ రాకపోతే అది మంచికీ చెడుకీ సూచన కాదు. వంశపారంపర్య జబ్బులకు తల్లిదండ్రుల్ని పరీక్షించారా, పిల్లలు మనుషుల చేతుల్లో మెలిగాయా అన్నవి ఇన్‌స్పెక్టర్ కాగితంలో ఉండవు. రోగాల సంగతీ అంతే. 2016, 2018 మధ్య పెట్ షాపుల కుక్కపిల్లల నుంచి మందులకు లొంగని క్యాంపైలోబ్యాక్టర్ సోకి వందమందికి పైగా మనుషులు జబ్బుపడ్డారు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఆరా తీసి చూస్తే, పరిశీలించిన పిల్లల్లో 95 శాతానికి అప్పటికే యాంటీబయాటిక్స్ ఎక్కించి ఉన్నారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ (ఏకేసీ) కాగితాలున్నాయి కదా అంటారు కొందరు. అవి వంశావళికి రుజువు. రిజిస్ట్రేషన్ అంటే ఆరోగ్యానికి, నాణ్యతకు హామీ కాదని ఆ క్లబ్బే చెబుతుంది.

ఇప్పుడు అభ్యంతరాలు. బ్రీడర్లది మొదటిది: రంగు పెచ్చులూడిన గోడ, తేదీ వేయని మందు సీసా, మూతలేని దాణా డబ్బా కూడా ఉల్లంఘనలే కదా, ఇలాంటి వాటికి పరువు తీస్తారా అని. ఈ మాటలో నిజముంది. తప్పుల సంఖ్య మాత్రమే లెక్కపెట్టి తీర్పు చెప్పడం అన్యాయం. వర్ణన చదవాలని నేను పట్టుబట్టేది అందుకే. పదేళ్లలో రెండు పెచ్చులూడిన గోడలున్న మనిషిని నేను తప్పు పట్టను. ఒక్క 2.40 డైరెక్ట్ ఉండి, మళ్లీ వెళ్లినప్పుడు కూడా అదే కుక్క అదే పుండుతో కనిపించినవాడి దగ్గర మాత్రం ఎవరూ కొనకూడదు. రెండో అభ్యంతరం గోప్యత. చాలామంది బ్రీడర్లకు ఇల్లే వ్యాపార స్థలం, పేర్లూ చిరునామాలూ బయటపెడితే వేధింపులొస్తాయని వాదన. 2017 ఫిబ్రవరిలో ఏఫిస్ ఈ కారణమే చూపి మొత్తం డేటాబేస్‌ను రాత్రికి రాత్రి తీసేసింది. దావాలు పడ్డాయి. పాక్షికంగా, పేర్లు కొట్టేసి, కొన్ని తిరిగి పెట్టారు. 2019 డిసెంబరులో కాంగ్రెస్ చట్టం చేసి ఆజ్ఞాపిస్తే గానీ 2020లో పూర్తిగా తిరిగి రాలేదు. వేధింపు నేరం, దానికి వేరే చట్టాలున్నాయి. ప్రభుత్వ లైసెన్సు తీసుకుని, ఆ లైసెన్సు పేరు చెప్పుకుని అమ్ముకునే మనిషి ఆ లైసెన్సు కింద జరిగిన తనిఖీని దాచిపెట్టమని అడగడం కుదరదు. ఆ మూడేళ్లలో నష్టపోయింది మంచి బ్రీడర్లు కూడా, తమ శుభ్రతను చూపించుకునే దారి వాళ్లకు కూడా మూసుకుపోయింది.

మూడో అభ్యంతరం జంతు ప్రేమికుల నుంచి వస్తుంది, నాకు ఇదే బరువైనదిగా కనిపిస్తుంది. రికార్డు ఇంత లోపభూయిష్టమైతే, దాన్ని చూసుకోండని చెప్పడమే ఆ వ్యాపారానికి ముద్ర వేసినట్టు కాదా? షెల్టర్ నుంచి తెచ్చుకోమని ఎందుకు చెప్పరు? షెల్టర్‌కు వెళ్లగలిగినవారు వెళ్లడమే మేలని నేనూ అంటాను. కానీ కొనేవాళ్లు కొంటూనే ఉంటారు, వాళ్లకు చెప్పాల్సింది ఒకటుంది. పైగా ఈ వ్యాపారం మీద వచ్చిన ఒత్తిడంతా ఈ కాగితాల నుంచే పుట్టింది. 2013 నుంచి హ్యూమేన్ సొసైటీ ఏటా వేస్తూ వచ్చిన వంద చెత్త కెన్నెళ్ల జాబితాకు ముడిసరుకు ఇవే. కాలిఫోర్నియా, మేరీలాండ్, ఇల్లినాయ్, న్యూయార్క్ రాష్ట్రాలు పెట్ షాపుల్లో కుక్కపిల్లల అమ్మకాన్ని నిషేధించినప్పుడు వాదనకు బలమిచ్చింది కూడా ఇవే. లోపమున్న సాక్ష్యమని పక్కన పడేస్తే మిగిలేది అమ్మేవాడి ప్రకటన ఒక్కటే.

మెరుగైన పద్ధతులు ఊహల్లో లేవు, అమల్లోనే ఉన్నాయి. పెన్సిల్వేనియా 2008లో చట్టం మార్చి, పెద్ద కెన్నెళ్లలో తీగ నేలను నిషేధించింది, బోను కొలతలు పెంచింది, ఏడాదికి కనీసం రెండు తనిఖీలు పెట్టి ఆ రిపోర్టులను జనం ముందుంచింది. టెక్సస్ 2023లో తన చట్టాన్ని సవరించి, ఐదు ఆడకుక్కలున్నవారిని కూడా రాష్ట్ర లైసెన్సు కిందికి తెచ్చింది. డాలస్, ఆస్టిన్ వైపు కొనే తెలుగువారు ఫెడరల్ రికార్డుతో పాటు రాష్ట్రపు రికార్డు కూడా అడగాలి. ఇంగ్లాండ్‌లో 2018 నుంచి స్థానిక కౌన్సిల్ లైసెన్సు మీదే ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు వేస్తుంది. కనీసం దాటినవారెవరు, దానికి ఎంతో పైన ఉన్నవారెవరు అన్నది కొనేవారికి కనబడుతుంది. అమెరికా రికార్డులో లేనిది సరిగ్గా ఈ మెట్ల తేడానే. తప్పులు లేనివారంతా అక్కడ ఒకే గాటన పడతారు.

మన దగ్గర 2017లో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకాల నియమాలు తెచ్చింది. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఒక ఆడకుక్కను జీవితంలో ఐదు ఈతలకు మించి ఈనించకూడదు. బ్రీడర్ ఏటా బోర్డుకు లెక్క చెప్పాలి, అధికారులు తనిఖీ చేయొచ్చు. కాగితం మీద ఇవి కొన్నిచోట్ల అమెరికా నియమాలకన్నా కఠినం, అక్కడి ఫెడరల్ నియమాల్లో ఈతలకు పరిమితే లేదు. వాటి వెనకున్న మాతృ చట్టం మాత్రం 1960 నాటిది, జంతువును హింసించిన తొలి నేరానికి జరిమానా ఇప్పటికీ పది నుంచి యాభై రూపాయలు. జరిమానా ఇంత అల్పమైన చోట, భయపెట్టగలిగింది కొనేవారి కళ్లబడటం ఒక్కటే. రెండు తెలుగు రాష్ట్రాల బోర్డులూ నమోదైన బ్రీడర్ల పేర్లు, తనిఖీ చేసిన తేదీలు, దొరికిన తప్పులు తమ వెబ్‌సైట్లలో పెట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ అడగకుండానే సమాచారం వెల్లడించమని ప్రభుత్వ సంస్థలకు చెబుతూనే ఉంది. వాళ్లు పెట్టేలోగా, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కుక్కపిల్లకు అడ్వాన్సు ఇచ్చే ముందు అమ్మేవారిని బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, తల్లికుక్కను చూపించమనండి. ఆ నంబరుతో చివరి తనిఖీ రిపోర్టు కావాలని బోర్డుకు దరఖాస్తు రాయండి. నంబరు లేదన్నవారి దగ్గర, తల్లిని చూపించనన్నవారి దగ్గర కొనకండి.